ట్రినిడాడ్‌కు సంఘ సేవకు పోయే కుటుంబం: ఆడి పండుగల్లో యాడ కలవాలి, యాడ ఆగాలి?

గ్రీమ్స్‌పేట_సండేస్కూల్ (చిత్తూరు):

అందరికీ వందనాలు. మా సంఘం నుంచి అయ్యగారు, అమ్మగారు, పదేళ్ల పాప, ఆరేళ్ల బాబు సెప్టెంబరులో ట్రినిడాడ్‌కు పోతా ఉండారు. శాన్ ఫెర్నాండో దగ్గర ప్రెస్బిటేరియన్ సంఘంతో కలిసి రెండేండ్లు పని. పంపే కమిటీ తరఫున అడగతా ఉండా. కరీబియన్ దీవుల సంగతి బాగా తెలిసినోళ్లు చెప్పండి.

ఒకటి, ఆడ ఆదివారం ఆరాధన, సంఘం పనులు మన పద్ధతికి ఎంత తేడా? రెండు, కార్నివాల్, దీపావళి, ఇంకా ఏవేవో ఉన్నాయంటారు. ఏ పండుగకు పిలిస్తే పోవాలి, దేనికి మర్యాదగా తప్పుకోవాలి? మూడు, క్రిస్మస్ కేకులో రమ్ము పోస్తారని విని మా పెద్దలు ఇప్పుడే నొసలు ముడేస్తా ఉండారు. పాస్టరు ఇంట్లో అది లేకుండా జరుగుతుందా? నాలుగు, సామాన్లలో ఏమి పెట్టాలి, ఏమి పెట్టకూడదు?

"ప్రార్థన చేసుకోండి, అంతా సర్దుకుంటుంది" అనే జవాబు మాకు ఇప్పటికే వచ్చింది. వివరాలు కావాలి.

తిరుచానూరు_హార్మోనియం:

పండుగల మాట తర్వాత, ముందు కాగితాలు తేల్చుకోండి. విదేశీ మిషనరీకి ట్రినిడాడ్‌లో వేరే అనుమతి ఉంది. అక్కడ రిజిస్టరైన మత సంస్థ తరఫున పోయేవాళ్లకే అది ఇస్తారు. ఒక్కో సంస్థకు ఒకే సమయంలో 35 మంది విదేశీ మిషనరీల వరకే, ఒక విడతలో మూడేళ్లకు మించి ఉండకూడదు. కాబట్టి ఆహ్వాన పత్రం చేతికొచ్చిందని టికెట్లు కొనేయొద్దు. వాళ్ల లెక్కలో చోటు ఉందా, దరఖాస్తు ఎవరు పెడతారు అని రాతలో అడగండి. చూసిపోయేందుకు వచ్చామని ముద్ర వేయించుకుని దిగి ప్రసంగాలు మొదలుపెడితే, చిక్కు మీకంటే ముందు పిలిచిన సంఘానికి వస్తుంది.

ఇక సంఘం. భారతీయ కూలీల మొదటి ఓడ అక్కడ చేరింది 1845 మే 30న. కెనడాలోని నోవా స్కోషియా నుంచి జాన్ మోర్టన్ వచ్చి చెరుకు తోటల్లోని ఆ కూలీల మధ్య సువార్త పని మొదలుపెట్టింది 1868లో. ప్రెస్బిటేరియన్ సంఘం అలా పుట్టింది. శాన్ ఫెర్నాండోలో వాళ్ల పాత గుడి పేరే సుసమాచార్, హిందీలో సువార్త అని. అందుకని గుడిలో కూర్చున్నవాళ్ల ముఖాలు మన ముఖాల్లాగే ఉంటాయి, ఇంటిపేర్లలో రామ్, సింగ్, మహరాజ్ కనిపిస్తాయి. మన జంటలు తడబడేది ఇక్కడే. ముఖం చూసి మనవాళ్లే అనుకుంటారు. వాళ్ల పూర్వీకుల్లో ఎక్కువమంది ఇప్పటి ఉత్తరప్రదేశ్, బీహారు వైపువాళ్లు. మద్రాసు రేవు నుంచి పోయినవాళ్లు తక్కువ, తెలుగు ఇళ్లల్లో మిగల్లేదు. మాట ఇంగ్లిషు, అదీ వాళ్ల యాసలో. "మీది ఏ ఊరు, ఏ కులం" అనే ప్రశ్నలు విమానంలోనే దింపేసి పోవాలి. ఆరు తరాల ట్రినిడాడ్ మనిషిని "మీరు ఇండియావాళ్లే కదా" అనడం పొగడ్త కాదు.

ఆరాధనలో స్త్రీ పురుషులు కలిసి కూర్చుంటారు, కుటుంబమంతా ఒకే బెంచీలో. చెప్పులు బయట విడవరు. ముసుగు తప్పనిసరి కాదు, కానీ బట్టలు మాత్రం చక్కగా ఇస్త్రీ చేసుకుని వస్తారు. స్త్రీలు పాస్టర్లుగా ఉంటారు, సంఘ పెద్దలుగా ఉంటారు. ఈ విషయం మన అయ్యగారికి ముందే చెప్పండి, అక్కడికి పోయి ఆశ్చర్యం ముఖంలో చూపిస్తే బాగుండదు. ప్రసంగం ఇరవై, ఇరవైఐదు నిమిషాలు. మన ఉజ్జీవ కూటాల గంటన్నర అక్కడ సాగదు. ఇంగ్లిషు కీర్తనలతోపాటు హిందీ భజనలు కూడా పాడతారు, పక్కన హార్మోనియం, డోలక్, ధంతాల్ అనే ఇనుప కడ్డీ. భజన అర్థం పాడేవాళ్లకే పూర్తిగా తెలియకపోవచ్చు. అయ్యగారికి హార్మోనియం వస్తే మొదటి నెలలోనే పని దొరుకుతుంది. స్టీల్‌పాన్, అంటే నూనె డ్రమ్ముల నుంచి అక్కడివాళ్లే పుట్టించిన వాయిద్యం, గుడిలోనూ మోగుతుంది. కార్నివాల్ వాయిద్యం కదా అని ముఖం చిట్లించొద్దు.

పలకరింపు గురించి ఒక మాట. కొట్టుకు పోయినా, ట్యాక్సీ ఎక్కినా, వెయిటింగ్ గదిలో అడుగుపెట్టినా "గుడ్ మార్నింగ్" అని అందరికీ వినిపించేలా అనాలి. పొద్దుగూకాక కలిసినప్పుడు కూడా "గుడ్ నైట్" అంటారు, అది వీడ్కోలుకు మాత్రమే కాదు. పలకరించకుండా నేరుగా పని అడిగితే పొగరు అనుకుంటారు.

చావు ఇంటి పద్ధతి మనకు బాగా తేడా. ఇక్కడ మరుసటి రోజే సమాధి చేస్తాం. అక్కడ కెనడా, న్యూయార్క్ నుంచి బంధువులు వచ్చేదాకా కొన్ని రోజులు ఆగుతారు. ఆ రోజుల్లో ప్రతి సాయంత్రం ఇంట్లో "వేక్" జరుగుతుంది. లోపల కీర్తనలు, వాక్యం, ప్రార్థన. వాకిట్లో కాఫీ, బిస్కెట్లు, పేకాట, డొమినోలు, ఒక మూలన రమ్ము. పాస్టరు లోపల అరగంట నడిపించి, బయటికొచ్చి ఆ పేకాట బల్లల దగ్గర కూడా నాలుగు మాటలు మాట్లాడాలి. వాకిట్లో కూర్చున్నవాళ్లను గద్దిస్తే ఆ ఇల్లు మళ్లీ పిలవదు. పోతూ ఒక కాఫీ పొడి డబ్బా, బిస్కెట్ ప్యాకెట్లు తీసుకుపోతే చాలు.

సంఘానికి డబ్బు కూడేది దశమభాగాలతోనే కాదు, బార్బెక్యూ టికెట్లతో. నెల ముందే టికెట్లు అమ్మి, శనివారం మధ్యాహ్నం పొట్లాలు ఇస్తారు. 200 పొట్లాలకు 200 కోడి కాళ్లు, తొడతో కలిపి, 55 నుంచి 60 కిలోలు తూగుతాయి. ముందు రోజు సాయంత్రమే పచ్చి మసాలా పట్టించి చల్లని చోట పెట్టాలి: షాడో బెని ఆకు (పొడుగ్గా, అంచులు ముళ్లుగా ఉంటుంది, కొత్తిమీర వాసన), థైమ్, ఉల్లికాడలు, వెల్లుల్లి, కారం లేని పిమెంటో మిరప. చెడేది రెండు చోట్ల. నిప్పు మరీ ఎక్కువైతే పైన మాడి ఎముక దగ్గర పచ్చిగా ఉంటుంది. పొట్లాలు తీసుకునే వేళ టికెట్ మీద వేయకపోతే సాయంత్రం నాలుగు దాకా ఒక్కొక్కరే వస్తారు, కోడి చల్లారిపోతుంది. అమ్మగారిని టికెట్లు అమ్మే జట్టులో వేయమనండి, మూడు వారాల్లో ఊరంతా పరిచయం అవుతుంది.

పుత్తూరు_క్యాలెండర్:

సెప్టెంబరులో దిగుతారు కాబట్టి వాళ్లకు ఎదురయ్యే వరసలోనే చెప్తా. 2011 జనాభా లెక్కల్లో కేథలిక్కులు 21.6 శాతం, హిందువులు 18.2, ప్రెస్బిటేరియన్లు 2.5 మాత్రమే. కాబట్టి మీ సంఘంలో ప్రతి ఇంటికీ హిందూ పెదనాన్నో కేథలిక్కు అత్తో ఉంటారు. పండుగ అంటే అక్కడ బంధుత్వం.

దీపావళి జాతీయ సెలవు. సంఘ సభ్యుల హిందూ బంధువులు భోజనానికి పిలుస్తారు. పూజ వేరు, ప్రసాదం వేరు, ఆ తర్వాత పెట్టే భోజనం వేరు. వెడల్పాటి సొహారీ ఆకులో పరాటా, శనగలు-ఆలుగడ్డ, గుమ్మడి, మామిడి కూర, తీపి అన్నం. ప్రసాదం తీసుకోకూడదని మీ మనస్సాక్షి చెప్తే, పూజ అయ్యాక భోజనం వేళకు వస్తామని ముందే చెప్పండి. ఎవరూ నొచ్చుకోరు. పూజ మధ్యలో చేయి వెనక్కి తీసుకుంటే నొచ్చుకుంటారు.

నవంబరు 1, 2 తేదీల్లో సమాధుల మీద కొవ్వొత్తులు. మన సంఘాల్లో కూడా సమాధుల పండుగ తెలిసిందే కాబట్టి ఇబ్బంది లేదు. వారం ముందే గడ్డి కోసి సున్నం కొట్టే పని ఉంటుంది, ఆ పనికి పోండి.

కోత పండుగ కూడా తెలిసిందే. చెరుకు గడలు, అరటి గెలలు, కొబ్బరికాయలు బలిపీఠం ముందు పెట్టి ఆరాధన తర్వాత అమ్ముతారు.

క్రిస్మస్ దినాల్లో పరాంగ్. వెనిజులా వైపు నుంచి వచ్చిన స్పానిష్ పాటలు, కువాత్రో అనే నాలుగు తీగల వాయిద్యం, మరకాస్ అనే గిలకలు. మన క్యారల్స్ రౌండ్లలాగే ఇంటింటికీ వస్తారు, రాత్రి ఎంత పొద్దుపోయినా. వాకిట్లో ఒక పాట పాడి తలుపు తీయమంటారు, లోపల మరియమ్మకు దూత వర్తమానం, ప్రభువు జననం పాడతారు, పోయేటప్పుడు వీడ్కోలు పాట. తలుపు తీయకపోతే అవమానం. జనవరి 6 దాకా సాగుతుంది. రేడియోలో వినిపించే సోకా పరాంగ్ (సోకా అంటే అక్కడి డ్యాన్సు పాటలు) వేరు, అందులో తాగుడు హాస్యం ఎక్కువ. అది విని పరాంగ్ మొత్తం అంతే అనుకోవద్దు.

ఇప్పుడు కార్నివాల్, అంటే వేషాలు వేసుకుని వీధుల్లో ఆడిపాడే పండుగ. బూడిద బుధవారానికి ముందటి సోమ, మంగళవారాలు. 2027లో ఫిబ్రవరి 8, 9. అధికారికంగా సెలవులు కావు, కానీ బడులు, ఆఫీసులు మూతే. సోమవారం తెల్లవారుజామున చీకట్లోనే జూవే మొదలవుతుంది, ఒళ్లంతా బురద, రంగులు. ఆ రెండు రోజులు రోడ్లు మూస్తారు, ఆసుపత్రికి తప్ప ప్రయాణం పెట్టుకోవద్దు. చాలా సంఘాలు శనివారం నుంచి ఆ మంగళవారం దాకా నాలుగు రోజులూ యవ్వనస్తుల క్యాంపు పెడతాయి. స్థలం క్రిస్మస్‌కు ముందే మాట్లాడుకోవాలి, సముద్రం పక్క ఇళ్లు జనవరిలో దొరకవు. పిల్లల సంగతి వేరు. బడిలో ముందటి శుక్రవారం వేషాలు వేయించి ఊరేగిస్తారు. పంపాలా వద్దా అనేది అమ్మా నాన్నా జనవరిలోనే తేల్చుకుని టీచరుకు చెప్పాలి. ఆ రోజు పొద్దున చెప్తే పిల్లోడు ఏడుస్తాడు, టీచరుకూ కష్టం.

నా అభిప్రాయం: మొదటి ఏడు కార్నివాల్ మీద ప్రసంగం చేయొద్దు. దాన్ని తప్పుపట్టేవాళ్లు ఆ సంఘంలోనే ఉంటారు, డ్రమ్ము వాయించేవాళ్లు కూడా అదే బెంచీలో ఉంటారు. కొత్తగా వచ్చిన విదేశీ పాస్టరు తీర్పు ఎవరికీ అక్కర్లేదు.

మార్చి 30 స్పిరిచువల్ బాప్టిస్టుల విముక్తి దినం. వాళ్ల ఆరాధనను 1917 చట్టంతో నిషేధించారు, 1951లో ఎత్తేశారు. 1996 నుంచి సెలవు. తెల్లబట్టలు, తలగుడ్డ, చేతిలో గంట. పేరు చూసి మన బాప్టిస్టు సంఘాల శాఖ అనుకోవద్దు, ఆఫ్రికా సంప్రదాయాలు కలిసిన వేరే ఆరాధన. పోయి చూడాలంటే ముందు అనుమతి అడగండి, ఫోను తీయొద్దు.

శుభ శుక్రవారం చేపే, మాంసం ఉండదు. రోడ్డు పక్కన బొబొలీ అని గడ్డి బొమ్మ కట్టి యూదా పేరున కొడతారు. ఈమధ్య బొమ్మ మెడలో రాజకీయ నాయకుల పేర్లు వేలాడతాయి, నవ్వుకోండి, ఫొటో పెట్టి వ్యాఖ్య రాయొద్దు. అదే వారం దక్షిణాన సిపారియాలో కేథలిక్ గుడిలోని నల్లని మరియమ్మ విగ్రహం, లా దివీనా పస్తోరా, దగ్గరికి హిందువులు వేలాదిగా వస్తారు. వాళ్లకు ఆమె సుపారీ మాయి. నూనె, బియ్యం, నగలు సమర్పిస్తారు, పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయిస్తారు. తిరుపతివాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ప్రెస్బిటేరియన్ పాస్టరుకు అక్కడ పనేమీ లేదు, కానీ దాన్ని ఎగతాళి చేస్తే కేథలిక్కులూ హిందువులూ ఇద్దరూ దూరమవుతారు.

ఈస్టర్ సెలవుల్లో గాలిపటాలు. ఈస్టర్ మంగళవారం అదే దేశంలోని పక్క దీవి టొబాగోలో, బుక్కూ అనే ఊళ్లో మేకల పందేలు, 1925 నుంచి. మనిషి మేక మీద ఎక్కడు, తాడు పట్టుకుని వెనకాల పరిగెత్తుతాడు. పిల్లలను తప్పకుండా తీసుకుపోండి.

కార్పస్ క్రిస్టీ (కేథలిక్కుల ప్రభు శరీర పండుగ) ఈస్టర్ తర్వాత 60వ రోజు, గురువారం, సెలవు. కేథలిక్కుల ఊరేగింపు ఒక వైపు, తోటల్లో విత్తనం వేయడం ఇంకో వైపు. వానలు అప్పుడే మొదలవుతాయి, ఆ రోజు నాటింది తప్పక మొలుస్తుందంటారు. మొక్కజొన్న, కంది. పాస్టరు ఇంటి వెనక నాలుగు కంది గింజలు వేస్తే క్రిస్మస్‌కు పచ్చి కందికాయలు చేతికొస్తాయి.

గ్రీమ్స్‌పేట_సండేస్కూల్:

చాలా సంతోషం అన్నా. పిల్లల వేషాల సంగతి మాకు తట్టనే లేదు. కేకు, రమ్ము సంగతి ఎవరైనా చెప్తే పెద్దల ముందు పెడతా.

కొర్లగుంట_వంటిల్లు (తిరుపతి):

రమ్ము లేకుండా జరుగుతుంది, కాకపోతే పద్ధతి మారుతుంది. నల్ల కేకులో రమ్ము రుచికే కాదు, నిలవకు కూడా. పండ్లను నెలల తరబడి, కొందరు ఏడాది పొడవునా రమ్ములో, చెర్రీ బ్రాందీలో నానబెడతారు. దాని బదులు ద్రాక్ష రసం పోసి అలాగే జాడీలో పెడితే వారానికే పొంగి పులుస్తుంది, పెద్దలు వద్దన్నదే జాడీలో తయారవుతుంది!

ఒక కేకుకు: ఎండు ద్రాక్ష 250 గ్రాములు, నల్ల ఎండు ద్రాక్ష 250, ప్రూన్స్ (ఎండు ప్లమ్ పండ్లు) 250, చెర్రీ 100, నారింజ తొక్క మురబ్బా 100. వీటిని అర లీటరు నల్ల ద్రాక్ష రసంలో, చెక్క ఒక ముక్కతో, సన్న సెగ మీద ఇరవై నిమిషాలు ఉడికించి చల్లారాక మిక్సీలో బరకగా తిప్పి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఐదు రోజుల్లో వాడేయాలి. వెన్న 250, చక్కెర 250, గుడ్లు 6, మైదా 250, బేకింగ్ పౌడరు రెండు చెంచాలు, జాజికాయ. నలుపు రంగు కోసం చక్కెర మాడ్చిన పాకం మూడు పెద్ద చెంచాలు. చక్కెర ముదురు గోధుమ రంగు దాటి పొగ రావడం మొదలైన వెంటనే జాగ్రత్తగా వేడినీళ్లు పోయాలి. ఇంకో అర నిమిషం ఆగితే చేదు, ఆ చేదు కేకు మొత్తానికి పాకుతుంది. గిన్నెకు రెండు వరసల కాగితం వేసి 140 డిగ్రీల్లో గంటన్నర నుంచి రెండు గంటలు. పండ్ల ముద్ద పలచగా ఉంటే మధ్యలో కూరుకుపోయి జిగటగా మిగులుతుంది, రసం వడకట్టి వేయండి. రమ్ము కేకు నెలల పాటు నిలుస్తుంది. ఇది బయట నాలుగు రోజులు, ఫ్రిజ్‌లో పది రోజులు.

వేరేవాళ్లు తెచ్చిన కేకులో రమ్ము ఉంటుందా అని అడిగి ఇబ్బంది పెట్టొద్దు, ఉంటుంది. తినకూడదనుకుంటే తీసుకుని, థాంక్స్ చెప్పి, పక్కింటికి పంపండి. పోంచె దె క్రేమ్ సంగతి మాత్రం పిల్లలకు చెప్పి పెట్టాలి. చూసేందుకు పాలు, గుడ్ల మిల్క్‌షేక్‌లా ఉంటుంది, అందులో కూడా రమ్మే.

పరాంగ్ వాళ్లు వస్తే పోయడానికి సోరెల్ పెట్టుకోండి, అది అందరికీ ఇష్టం. సోరెల్ అంటే మన ఎర్ర గోంగూర జాతే. మనం ఆకు తింటాం, వాళ్లు పూత రాలాక కాయ చుట్టూ ఉండే ఎర్రటి మందపు రేకులు వాడతారు. పగలు కురచయ్యాకే పూస్తుంది కాబట్టి సరిగ్గా డిసెంబరుకు చేతికొస్తుంది. పచ్చివి అర కిలో, లోపలి గింజ కాయ తీసేసి. ఎండువైతే 80 గ్రాములు. నీళ్లు రెండు లీటర్లు, దంచిన అల్లం 50 గ్రాములు, లవంగాలు ఎనిమిది, చెక్క, నారింజ తొక్క. పది నిమిషాలు మరిగించి, మూతపెట్టి, రాత్రంతా వదిలేసి, పొద్దున వడకట్టి 400 గ్రాముల చక్కెర. స్టీలు గిన్నె, గాజు సీసా. అల్యూమినియం సత్తులో వద్దు, పులుపుకు లోహం రుచి వస్తుంది. ఫ్రిజ్‌లో పది రోజులు ఆగుతుంది. బుడగలు వస్తే పారబోయండి. అమ్మగారు ఈ నవంబరులో చిత్తూరులోనే ఒకసారి చేసి చూడొచ్చు అనేదాన్ని, కానీ సెప్టెంబరుకే పోతా ఉండారు కదా. ఎండు రేకులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

పప్పు గురించి: అక్కడ దాల్ అంటే పసుపు బఠానీ పప్పు. చింతపండు, కరివేపాకు దొరుకుతాయి, మోయక్కర్లేదు.

పలమనేరు_వైర్‌మ్యాన్:

సామాన్ల సంగతి. అక్కడ ఇళ్లల్లో కరెంటు 115 వోల్టులు, 60 హెర్ట్జ్. ప్లగ్గు అమెరికా మాదిరి చదును పిన్నులు. మన 230 వోల్టుల మిక్సీ పెడితే తిరిగినట్టే ఉంటాది, పప్పు మాత్రం నలగదు. స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు కానీ 750 వాట్ల మిక్సీకి 1500 వీఏది కావాల, బరువు మీ సూట్‌కేసు లెక్కలో సగం పోతాది. టేబుల్ గ్రైండరు అసలే వద్దు, 60 హెర్ట్జ్‌కు మోటారు వేగం ఇరవై శాతం పెరగతాది, వేడెక్కతాది. 110 వోల్టుల మిక్సీ మద్రాసులో ఎగుమతి రకం దొరకతాది, అది కొనండి. ఫోను, ల్యాప్‌టాప్ ఛార్జర్ల మీద 100-240 అని ఉంటాది, వాటికి పిన్ను మార్చే ముక్క చాలు. కీబోర్డు వాయించేవాళ్లుంటే దాని అడాప్టరు మీద కూడా అదే చూడండి.

మిలిటరీ మచ్చల (కామోఫ్లాజ్) బట్టలు పెట్టొద్దండి. ట్రినిడాడ్‌లో ఆ గుడ్డ వేసుకోవడమే నేరం, పిల్లల టోపీ, బ్యాగు అయినా సరే. ఆరేళ్ల బాబు బట్టలు ఒక్కొక్కటీ తీసి చూడండి, సంతల్లో కొన్న నిక్కర్లలో అదే ఎక్కువ. విత్తనాలు, మొక్కలు, పచ్చి కాయలు అనుమతి లేకుండా తీసుకుపోతే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు.

అమెరికా మీదుగా టికెట్ చౌకని కొంటారేమో, విమానం మారడానికి కూడా అమెరికా వీసా కావాల.

ఫోన్లకు: మనకూ వాళ్లకూ తొమ్మిదిన్నర గంటల తేడా, ఏడాదంతా అంతే. మనకు రాత్రి 8 అయితే ఆడ పొద్దున 10:30. ఆదివారం రాత్రి మన కమిటీ వాళ్లు ఫోను చేస్తే అయ్యగారు ఆరాధనలో ఉంటాడు.

గ్రీమ్స్‌పేట_సండేస్కూల్:

నిక్కర్ల సంగతి ఇప్పుడే అమ్మగారికి ఫోన్ చేసి చెప్పినా. రెండు దొరికినాయంట. టీకాలేమైనా కావాలా?

తిరుచానూరు_హార్మోనియం:

ఎల్లో ఫీవర్ టీకా. అది పోయేటప్పటి కంటే తిరిగొచ్చేటప్పుడు ముఖ్యం. మన ప్రభుత్వ జాబితాలో ట్రినిడాడ్ ఉంది. పసుపు రంగు కార్డు లేకుండా చెన్నైలోనో బెంగళూరులోనో దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోనే వేయించుకోవాలి, మామూలు క్లినిక్ చీటీ చెల్లదు. వేసిన పదో రోజు నుంచే లెక్కలోకి వస్తుంది, ఒకసారి వేస్తే జీవితాంతం చెల్లుతుంది. గుడ్డు పడనివాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి. నలుగురికీ నాలుగు వేరే కార్డులు, పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే పేర్లు రాయించండి.